తెరమీది విమానం తడబడేది ఎందుకు?

ప్రకాశం బ్యారేజీ దాటిన చిన్న సెస్నా విమానం గన్నవరం రన్‌వేకు ఎదురుగా వచ్చింది. చక్రాలు నేలను తాకబోయే క్షణంలో దృశ్యం ఒక్కసారి బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి విమానం రన్‌వే పక్కనున్న గడ్డిలో ఉంది. ప్రమాదం నిజమైనది కాదు. న్యూజెర్సీలోనో దుబాయిలోనో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడు నడుపుతున్న విమానమది.

1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఐబీఎం పీసీ కోసం విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటరులో నేల అంటే కొన్ని గీతలు మాత్రమే. 2020లో వచ్చిన కూర్పు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళాన్నంతటినీ చూపింది. దానితో తాతగారి ఊరిమీదుగా ఎగరడం మనవడికి సాధ్యమయింది. అయితే ఆ దృశ్యం ఆగి ఆగి కదిలితే ఆనందం పోతుంది. అప్పుడు తల్లిదండ్రులు చేసే మొదటి పని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనడం. డబ్బు ఖర్చవుతుంది గాని, చాలాసార్లు తడబాటు పోదు. దోషం ఎక్కడుందో తెలుసుకోకుండా వైద్యం చేయడమే ఇందుకు కారణం.

సగటు చెప్పని సంగతి

సినిమాలాగే సిమ్యులేటరు కూడా నిశ్చల చిత్రాల వరుస. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్కటి దాదాపు 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటి 115 మిల్లీసెకన్లు తీసుకున్నదనుకుందాం. మొత్తం సరిగ్గా వెయ్యి మిల్లీసెకన్లు. లెక్క ప్రకారం 60 ఫ్రేములు వచ్చినట్లే. కాని ఆ ఒక్క ఆలస్యాన్ని కన్ను వెంటనే పట్టేస్తుంది. 60 నాట్ల వేగంతో దిగుతున్న విమానం ఆ వ్యవధిలో మూడున్నర మీటర్లు ముందుకు పోతుంది. దృశ్యం ఆలస్యమైతే చేయి కూడా ఆలస్యంగా, అవసరానికి మించి దిద్దుతుంది. అందుచేత సగటు వేగంకన్నా ఫ్రేములు సమానమైన వ్యవధిలో రావడం ముఖ్యం. తడబడుతూ వచ్చే 60 కంటే నిలకడగా వచ్చే 30 మేలు.

ఆలస్యం ఎవరిది?

పెళ్లి పంక్తిని ఊహించుకోండి. ప్రాసెసరు వంటవాడు, గ్రాఫిక్స్ కార్డు వడ్డించేవాడు. గాలి ఒత్తిడి, వాతావరణం, ఇతర విమానాలు, కాక్‌పిట్ మీటర్లు మొదలైన వాటి లెక్కలన్నీ ప్రాసెసరువి. ఆ లెక్కల ప్రకారం తెరపై రంగులు నింపడం కార్డు పని. వంట ఆలస్యమైతే వడ్డించేవారిని ఎంతమందిని పెంచినా విస్తళ్లు నిండవు. పైగా సిమ్యులేటరు పనిలో చాలాభాగం మెయిన్ థ్రెడ్ అనే ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతుంది. ప్రాసెసరులో కోర్లు ఎక్కువున్నంత మాత్రాన అది తొందరగా ముగియదు.

దోషం ఎవరిదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. 3840×2160 రిజల్యూషనును 1920×1080కి తగ్గిస్తే చుక్కల సంఖ్య నాలుగో వంతవుతుంది. అప్పుడు వేగం పెరిగితే భారం కార్డుమీద ఉన్నట్లు. ఏ మార్పూ లేకపోతే భారం ప్రాసెసరుమీద ఉన్నట్లు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో డెవలపర్ మోడ్‌లోని ఫ్రేముల సూచిక కూడా ఈ విషయాన్ని నేరుగా చూపుతుంది.

సెట్టింగుల సవరణ

ప్రాసెసరుమీద భారముంటే నేల వివరాల స్థాయిని, అంటే టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను మొదట తగ్గించాలి. తర్వాత ఇతర విమానాల సంఖ్యను, గాజు కాక్‌పిట్ తెరలు మారే వేగాన్ని తగ్గించాలి. కార్డుమీద భారముంటే మేఘాలు, నీడలు, రెండరింగ్ స్కేల్ తగ్గించాలి.

కార్డు సొంత మెమరీ నిండిపోవడం మరొక కారణం. అప్పుడు చిత్రాలు కంప్యూటరు ప్రధాన మెమరీనుంచి రావలసి వస్తుంది. కార్డు మెమరీ సెకనుకు వందల గిగాబైట్లు అందిస్తే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 మార్గం 32 గిగాబైట్లకు మించి అందించలేదు. టెక్స్చర్ నాణ్యతను ఒక మెట్టు దింపితే ఈ ఇబ్బంది తీరుతుంది.

60 హెర్ట్జ్ తెరమీద వీ-సింక్ పెట్టినప్పుడు 17 మిల్లీసెకన్లు పట్టిన ఫ్రేము తన వంతు తప్పి 33 దాకా ఆగుతుంది. అలా వేగం 60కీ 30కీ మధ్య ఊగిసలాడుతుంటే, సెకనుకు 30 అని పరిమితి విధించడం మంచిది. తెర తన వేగాన్ని ఫ్రేములకు అనుగుణంగా మార్చుకునే జీ-సింక్, ఫ్రీసింక్ పద్ధతులుంటే ఇంకా మంచిది.

పరికరాల పరీక్ష

ఇరవై నిమిషాల తర్వాతనే తడబాటు మొదలైతే వేడిని అనుమానించాలి. ఫ్యాన్లకు దుమ్ము పట్టినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మెమరీని కూడా పరిశీలించాలి. 3600 అని ముద్రించిన డీడీఆర్4 మెమరీ బయాస్‌లో ఎక్స్ఎంపీ అమర్చనంతవరకు సాధారణంగా 2133 వద్దే పనిచేస్తుంటుంది. ఒకే మెమరీ కర్రకన్నా జంట కర్రలు మేలు. నగరాల మీదుగా ఎగిరేటప్పుడు మాత్రమే ఆగుతుంటే దృశ్యాలు ఇంటర్నెట్ ద్వారా సకాలంలో అందకపోవచ్చు. 2020 కూర్పులో ఆన్‌లైన్ డేటాను ఆపి, అదే దారిలో మళ్లీ ఎగిరి పోల్చి చూడవచ్చు.

ఇవన్నీ చేసినా ప్రాసెసరే వెనుకబడితే అప్పుడు దానిని మార్చాలి. ఇక్కడ క్యాష్ మెమరీ పెద్దదైతే ఎంతో లాభం. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసరులో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉంది. దాని ముందటి 5800ఎక్స్‌లో ఉన్నది 32 మాత్రమే. వంటవాడికి కావలసిన సరుకులు చేతికందే దూరంలో ఉండటం వంటిదిది.

పరీక్షలన్నిటికీ నియమం ఒక్కటే. అదే విమానాశ్రయం, అదే వాతావరణం, అదే సమయం ఎంచుకొని, ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తండ్రీబిడ్డలు కలిసి ఈ పని చేస్తే కార్డు ఖర్చు తప్పవచ్చు. ఊహించడం వేరు, కొలిచి తెలుసుకోవడం వేరు అన్న విజ్ఞానశాస్త్రపు తొలి పాఠం కూడా పిల్లలకు అబ్బుతుంది.