పదిహేను పైసల నుంచి మూడున్నర కోట్ల పౌండ్ల దాకా

దంతాలపల్లిలో ఉపాధి పనికి పోయే కూలీ అయినా, లండన్ కోర్టుకెక్కిన నిజాం మనవడైనా చట్టాన్ని అడిగేది ఒక్కటే: చేతికి ఎంత, ఎన్నాళ్లకు? కూలి, భృతి, వారసత్వాల చట్టాల్లో రికార్డులు ఇవీ.

అతి తక్కువ కూలి: సున్నా. వెట్టిచాకిరిది ఆ ఘనత. దంతాలపల్లికి పక్కనున్న జనగామ ప్రాంతంలోనే విస్నూరు దేశ్‌ముఖ్‌కు 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు. 1946 జూలై 4న కడవెండిలో ఆ దొరతనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. దేశంలో కనీస వేతనాల చట్టం వచ్చింది 1948లో. అప్పటికి హైదరాబాద్ ఇంకా నిజాం గుప్పిట్లోనే ఉంది.

అందరికంటే ముందు: న్యూజిలాండ్. 1894లోనే కనీస వేతనానికి చట్టం చేసింది.

మొండితనంలో మొనగాడు: అమెరికా కేంద్ర కనీస వేతన చట్టం. గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై 24 నుంచి కదల్లేదు. మనవాళ్లు వేలల్లో ఉన్న టెక్సాస్‌లోనూ అదే రేటు. వాషింగ్టన్ రాష్ట్రంలో మాత్రం 2025లో 16.66 డాలర్లు. జార్జియా రాష్ట్ర చట్టంలో నేటికీ 5.15!

మనదేశంలో అతి పెద్ద పని హామీ పుట్టిల్లు: అనంతపురం జిల్లా బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ అక్కడే మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో వరంగల్ ఒకటి, అప్పట్లో దంతాలపల్లి అందులోనిదే. ఇంటికి ఏడాదిలో 100 రోజుల పని అన్నది దాని హామీ. 2025 చివర్లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం దాన్ని 125 రోజులు చేసింది. 2025-26లో తెలంగాణ కూలి రోజుకు 307 రూపాయలు, హర్యానాలో 400, నాగాలాండ్‌లో 241. పాత వంద రోజుల లెక్కన మన కూలి 30,700. రూపాయి బిళ్లలుగా పేరిస్తే రెండు తాటిచెట్లంత ఎత్తు. హర్యానా కూలీ మూడో చెట్టు కూడా ఎక్కేస్తాడు.

అతి చిన్న పరిహారం: పదిహేను పైసలు. మస్టర్ (హాజరు పట్టీ) మూసిన 15 రోజుల్లో కూలి పడకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 0.05 శాతం ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఒక రోజు కూలి మీద లెక్కేస్తే ఇంతే! నెల రోజులు ఆలస్యమైనా ఐదు రూపాయలు దాటదు. దీన్ని లెక్కకట్టే కంప్యూటర్ కరెంటు ఖర్చే ఎక్కువేమో.

నిరుద్యోగ భృతిలో పొడుగు, పొట్టి: అమెరికాలోని మసాచుసెట్స్ చట్టంలో గరిష్ఠంగా 30 వారాలు, ఫ్లోరిడాలో 12. మన దగ్గర రికార్డు వాగ్దానాలదే. తెలంగాణ ఎన్నికల్లో 2018లో నెలకు 3,016, 2023లో 4,000. రెండూ కాగితం దాటలేదు.

అతి పొడవైన వీలునామా: 1925లో లండన్‌లో నమోదైనది, 1,066 పేజీలు. అదే ఏడు మన భారత వారసత్వ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఒక్క కాగితం చాలు, రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెలంగాణలో ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) కోసం కోర్టు మెట్లెక్కాల్సిన పని కూడా లేదు.

ఆడబిడ్డల హక్కులో తొలి స్థానం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో 1985 సెప్టెంబర్ 5 నుంచి పిత్రార్జితంలో కూతురూ కొడుకుతో సమానం. కేంద్రం ఆ మాట అనడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా పట్టింది. ఇరవై ఏళ్ల నాలుగు రోజులు వెనక! అయితే మన చట్టమూ అప్పటికే పెళ్లయిన బిడ్డలకు మొండిచెయ్యే చూపింది.

సాగదీతలో చక్రవర్తి: నిజాం సొమ్ము కేసు. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పడ్డ 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు భారత్‌కూ నిజాం వారసులకూ చెందుతాయని కోర్టు తేల్చింది 2019 అక్టోబర్ 2న. 71 ఏళ్లు. ఆలోగా సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది.

వేగంలో మేటి: తెలంగాణ రైతుబీమా. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 10 రోజుల్లో 5 లక్షలు ఇవ్వాలన్నది నియమం.

ఇక అందరూ మరిచిపోయిన నిబంధన. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే తొలి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం భృతిగా ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసిపెట్టింది. 2025-26 కూలి 307 మీద అది 76.75, తర్వాత 153.50. గడువు మొదలయ్యేది దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచే. కాబట్టి పని నోటిమాటగా అడక్కండి, కాగితం రాసివ్వండి, తేదీ వేసిన రసీదు చేతికి తీసుకున్నాకే ఇంటికి రండి.