కళల ఓనమాలు - పంచాయతీ కర్తవ్యము

గ్రామాభివృద్ధి యనగానే రోడ్లు, మంచినీరు, వీధిదీపములు మనకు తలపునకు వచ్చును. అవి ముఖ్యములే. అయితే 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ఆ పట్టికలో 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యక్రమములు. కావున పిల్లలకు చిత్రలేఖనము, ఛాయాగ్రహణము, సంగీతము నేర్పించుట మన పరిధికి వెలుపలి పని కాదు. తొలి పాఠములకు పెద్ద ఖర్చును అక్కరలేదు.

చిత్రలేఖనము చూచుటతో ఆరంభమగును. పిల్లవాని చేతికి బొగ్గుముక్క ఇచ్చి, వీధిలోని కరెంటు స్తంభములను చూచి గీయుమనవలెను. అన్నియు ఒకే ఎత్తు కలవి. కాని దూరము పోయిన కొలది పొట్టిగా కనిపించును. ఈ సంగతి గ్రహించిన బాలుడు దూరమును కాగితముపై చూపుట నేర్చినట్లే. పిదప ఎరుపు, పసుపు, నీలము రంగులిచ్చినచో, పసుపు నీలము కలిసి ఆకుపచ్చ యగుననియు, ఎరుపు పసుపు కలిసి నారింజ యగుననియు తానే కనుగొనును.

ఛాయాగ్రహణమునకు ఒక అట్టపెట్టె చాలును. లోపల నలుపు పూసి, ఒక వైపున సూదితో రంధ్రము చేసి, ఎదుటి వైపు అట్టను కోసి నూనె రాసిన పలుచని కాగితము అంటింపవలెను. తలపై దుప్పటి కప్పుకొని, రంధ్రమును ఎండలోని చెట్టు వైపు త్రిప్పి చూచినచో, కాగితముపై చెట్టు తలక్రిందులుగా కనిపించును. వెలుగు సరళరేఖలో పోవును గనుక కొమ్మల నుండి వచ్చిన కిరణము క్రిందికి, మొదలు నుండి వచ్చినది పైకి చేరుటయే కారణము. నేటి సెల్‌ఫోను కెమెరాలోను బొమ్మ ఇట్లే తలక్రిందులుగా పడును. దానిని యంత్రము సరిచేసి చూపును.

సంగీతమునకు శ్రుతి, లయ రెండు కన్నులు. కర్ణాటక సంప్రదాయములో సరళీ స్వరములను మాయామాళవగౌళ రాగమున, ఆదితాళమున నేర్పుదురు. ఈ తాళమునకు అక్షరములు 8. అదే వరుసను మూడు కాలములలో పాడింతురు. రెండవ కాలమున వేగము రెట్టింపు, మూడవ కాలమున నాలుగు రెట్లు. గొంతుతో పాటు పిల్లలకు లెక్కయు పట్టుబడును.

గురువులు ఎక్కడ నున్నారని అడుగవచ్చును. ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల విద్య కుటుంబములలోనే నిలిచినది. ఆ విద్యకు గాను దళవాయి చలపతిరావు గారిని 2020లో పద్మశ్రీ వరించినది. మీ గ్రామములోను భజనలో మృదంగము వాయించు పెద్దయో, బుర్రకథ చెప్పిన కళాకారుడో, చుక్కల ముగ్గులలో ఆరితేరిన తల్లియో ఉండవచ్చును. వారి విద్యలో అధికభాగము ఏ పుస్తకములోను లేదు. వారు నేర్పకుండ వెడలిపోయినచో అది వారితోనే పోవును.

కావున గ్రామసభలో ఈ విషయము చర్చించుడు. కళలెరిగిన పెద్దల జాబితా వ్రాయుడు. వారానికి రెండు సాయంకాలములు పాఠశాల వరండానో, గ్రంథాలయమునో ఇందుకు కేటాయింపుడు. బాలికలను తప్పక పిలువుడు. కెమెరా నేర్చిన పిల్లల చేతనే, ఆ పెద్దల అనుమతితో, వారి పాటను, పనితనమును చిత్రింపించి గ్రంథాలయమున భద్రపరచుడు. వేసిన రోడ్డును మరల వేసికొనవచ్చును. పోయిన విద్యను మరల తెచ్చుట దుర్లభము.