వెనక సీటుకే మొదటి ఓటు

*విదేశంలో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కుని దంపతులిద్దరూ కలిసి తిరగాలన్న కోరికకు న్యూజిలాండ్ చక్కగా సరిపోతుంది. కాగితాల పని తేలిక, రోడ్లు అందమైనవి. అయితే ఏ బండి కొనాలో తేల్చాల్సింది హ్యాండిల్ పట్టుకునేవారు ఒక్కరే కాదు.*

మన ఇళ్లలో బండి కొనేముందు లీటరుకు ఎంతిస్తుందని అడుగుతారు. ఏ రంగు బాగుంటుందని అడుగుతారు. అమ్మితే ఎంత వస్తుందో కూడా లెక్కేస్తారు. ఏళ్ల తరబడి ఆ బండి వెనక కూర్చోబోయే మనిషిని మాత్రం 'ఒకసారి ఎక్కి చూడు, నడుముకు బాగుందా' అని అడిగేవాళ్లు అరుదు. కూరగాయల మార్కెట్‌కీ పక్కూరి పెళ్లికీ అయితే ఆమె ఎలాగోలా సర్దుకుంటుంది. రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున వారాల తరబడి పరాయి దేశంలో తిరగాలంటే ఆ సర్దుబాటు మూడో రోజుకే తీరిపోతుంది. నాలుగో రోజున కొండ ఎంత అందంగా ఉన్నా ఆమెకు కనిపించదు, నడుము నొప్పే కనిపిస్తుంది.

ఇద్దరి ప్రయాణానికి బండిని ఇద్దరూ కలిసే ఎంచుకోవాలి. ఇద్దరి అభిప్రాయాలూ కలవకపోతే వెనక సీటు మాటే నెగ్గాలి. ఎందుకంటే ముందున్న మనిషి చేతిలో క్లచ్చూ బ్రేకూ ఉంటాయి, చూపు రోడ్డు మీద ఉంటుంది. రాబోయే మలుపు ముందే తెలుస్తుంది. వెనకున్న మనిషికి అవేవీ లేవు. ఆమెకు దక్కేది సీటూ, ఫుట్‌రెస్టూ, పట్టుకోవడానికి ఓ కమ్మీ. ఆ మూడూ సరిగా లేకపోతే ఎంత గొప్ప ఇంజిన్ ఉన్నా లాభం లేదు.

న్యూజిలాండే ఎందుకు?

వారం పది రోజుల సెలవుకైతే బండి అద్దెకు తీసుకోవడమే మేలు. నెలా రెండు నెలలు దాటితే అద్దె బిల్లు తడిసి మోపెడవుతుంది. అప్పుడు పాత బండి కొనుక్కుని, తిరిగి, వెళ్లేముందు అమ్మేయడం లాభం. ఈ పద్ధతి అన్ని దేశాల్లోనూ కుదరదు. ఉదాహరణకు వియత్నాంలో వీధివీధినా పాత బండ్లు దొరుకుతాయి కానీ, అక్కడ చెల్లేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్. మన ఆర్టీఏ ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం. ఆ తేడా వల్ల మనవాళ్లు అక్కడ లైసెన్స్ లేని చోదకుల కిందే లెక్క.

న్యూజిలాండ్‌లో ఆ చిక్కు లేదు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడపాలి. మన తెలుగు రాష్ట్రాల స్మార్ట్ కార్డు లైసెన్స్ వివరాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి, గడువు మిగిలి ఉంటే దానితోనే నడపొచ్చు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఈ వెసులుబాటును 12 నెలల నుంచి 18 నెలలకు పెంచారు. లైసెన్స్ మీద ఏ రకం బండికి అనుమతి ఉందో అదే నడపాలన్నది షరతు. 'ఎంసీడబ్ల్యూజీ', అంటే గేర్లున్న మోటార్‌సైకిల్ అన్న అక్షరాలు కార్డు మీద ఉన్నాయో లేదో ఇక్కడే చూసుకోవాలి. కారు లైసెన్స్ ఒక్కటే ఉన్నవారికి కుదరదు. వీలైతే ఇద్దరూ లైసెన్స్ తీసుకుని వెళ్లండి. మధ్యాహ్నం పూట సీట్లు మార్చుకుంటే అలసట సగమవుతుంది. వెనక కూర్చోవడం అంటే ఏమిటో ముందు కూర్చునేవారికీ తెలుస్తుంది.

చూసి, విని, ఎక్కి...

బేరం కుదిర్చే బజార్లు రెండు. ఒకటి డీలరు షాపు, రెండోది నేరుగా సొంతదారు దగ్గర. సొంతదారుల ప్రకటనలు ఎక్కువగా 'ట్రేడ్ మీ' అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. డీలరు దగ్గర ధర కాస్త ఎక్కువే. అయితే 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం ప్రకారం బండి నాణ్యతకు అతనే పూచీ. ప్రైవేటు అమ్మకానికి ఆ రక్షణ ఉండదు. జనాభా ఎక్కువ కాబట్టి ఉత్తర దీవిలో ఆక్లాండ్‌లో ఎక్కువ బండ్లు దొరుకుతాయి. దక్షిణ దీవి నుంచి మొదలుపెట్టాలనుకునేవారికి క్రైస్ట్‌చర్చ్ అనువు.

ఇద్దరి ప్రయాణానికి 650 సీసీ తరగతి చక్కగా సరిపోతుంది. సుజుకీ వీ-స్ట్రోమ్ 650, కవాసాకీ వెర్సిస్ 650 లాంటివి నిటారుగా కూర్చునే బండ్లు, సీటు వెడల్పు, పెట్టెలు బిగించుకునే వీలుంది. ముందుకు వంగి కూర్చునే స్పోర్ట్స్ బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. దాని వెనక సీటు చిన్న చెక్క పలకలా ఉంటుంది, మోకాళ్లు పైకి వస్తాయి.

చూడటానికి వెళ్లేముందు అమ్మేవారికి ఒక మాట చెప్పాలి: 'బండి ముందుగా స్టార్ట్ చేయొద్దు' అని. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి ఆనించి చూడండి. చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ముందు ఫోర్కు గొట్టాల చుట్టూ వేలితో తుడిచి చూడండి. నూనె జిడ్డు అంటితే ఆయిల్ సీళ్లు పోయినట్టే. సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఎక్కడా పట్టేసినట్టు ఉండకూడదు. ఛెయిన్‌ను వెనక స్ప్రాకెట్ దగ్గర పట్టి వెనక్కి లాగండి. పళ్ల మీంచి లేచి వస్తుంటే ఛెయిన్ స్ప్రాకెట్ సెట్టు మార్చాల్సిందే. టైరు పక్క భాగంలో నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు పాతబడి గట్టిపడితే వానలో పట్టు ఉండదు.

ఇదంతా అయ్యాక టెస్ట్ రైడ్. అది ఇద్దరూ కలిసే చేయాలి. ఒంటరిగా నడిపితే బాగున్న బండే, వెనక మనిషి ఎక్కగానే ముందు చక్రం తేలిపోయినట్టు అనిపించొచ్చు. వెనక కూర్చున్నవారు చూడాల్సినవి నాలుగు: మోకాళ్లు ఎంత వంగుతున్నాయి, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారకుండా చేతులకు పట్టు ఎక్కడ దొరుకుతోంది, గాలి హెల్మెట్‌కు కొట్టి తల ఊగుతోందా, ఎక్కి దిగడానికి ఎదుటివారి సాయం కావాలా. కనీసం అరగంట తిరగాలి. పది నిమిషాలకు ఏ సీటైనా మెత్తగానే ఉంటుంది.

బరువు లెక్క తప్పొద్దు

ప్రతి బండికీ మోయగల బరువుకు ఒక హద్దుంటుంది. ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ హద్దు 190 కిలోలు అనుకుందాం. ఇద్దరి బరువూ కలిపి 140. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు 15. మూడు పెట్టెలు, వాటి స్టాండ్లు ఇంకో 15. ఇక మిగిలింది 20 కిలోలే. ఇద్దరి బట్టలు, వాన కోట్లు, పనిముట్లు, మందులు అన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి. టెంటూ వంట సామానూ కూడా అనుకుంటే బరువు హద్దు దాటుతుంది. అందుకే చాలామంది జంటలు హాలిడే పార్కుల్లో చిన్న క్యాబిన్లు తీసుకుంటారు. అక్కడి ఉమ్మడి వంటగదిలో అన్నం వండుకోవచ్చు, చారు పెట్టుకోవచ్చు.

వెనక షాకబ్జర్ స్ప్రింగును ఇద్దరి బరువుకు తగ్గట్టు బిగించుకోవడం, టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినంత పెంచుకోవడం మర్చిపోకూడదు. చాలామంది వదిలేసే పనులివి. మలుపుల్లో బండి అదుపు, వెనక మనిషి నడుము రెండూ వీటి మీదే ఆధారపడతాయి.

కాగితాల కథ

న్యూజిలాండ్‌లో పేరు మార్పిడి తెలిస్తే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. ఎన్‌ఓసీ కోసం తిరగక్కర్లేదు, ఆర్టీఏ ఆఫీసులో ఫొటో దిగక్కర్లేదు. కొన్నవారు 7 రోజుల్లోగా రవాణా సంస్థ వాకా కోటాహీకి తెలియజేయాలి. గుర్తింపు పత్రాలు, స్థానిక చిరునామా కావాలి. ఆక్లాండ్‌లో తెలిసిన తెలుగు కుటుంబం ఉంటే ఆ చిరునామా పనికొస్తుంది. నంబర్ ప్లేటు బండితోనే ఉంటుంది.

అసలు జాగ్రత్త అంతకుముందే పడాలి. బండి మీద అప్పు ఉందేమో ముందు తేల్చుకోవాలి. ఫైనాన్స్ తీరని బండిని తెలియక కొంటే, అప్పిచ్చినవాళ్లు వచ్చి మీ చేతిలోంచి తీసుకుపోగలరు. హామీల వివరాలుండే 'పీపీఎస్‌ఆర్' అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు. దొంగ బండో కాదో కూడా అలాగే సరిచూసుకోవాలి.

రెండోది 'డబ్ల్యూఓఎఫ్'. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని ఇచ్చే తనిఖీ పత్రం ఇది. అమ్మేటప్పుడు ఇది నెలలోపు తీసుకున్నదై ఉండాలి. లేదంటే ఉన్నదున్నట్టుగా అమ్ముతున్నామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ రకం బేరం కొత్తవారికి వద్దు. డబ్ల్యూఓఎఫ్ ఉందని నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. బ్రేకులు, టైర్లు, లైట్లు చూస్తారు గానీ ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎంత అరిగాయో అందులో చూడరు. అందుకే బేరం ఖాయం చేసేముందు బయటి మెకానిక్‌కు కొంత ముట్టజెప్పి చూపించుకోవాలి.

మూడోది 'రెగో', అంటే రోడ్డు మీద తిప్పడానికి కట్టే లైసెన్స్ రుసుము. ప్రమాద పరిహార సంస్థ ఏసీసీకి చేరే సొమ్ము అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి మోటార్‌సైకిళ్లకు ఇది ఎక్కువ. 600 సీసీ దాటితే ఇంకాస్త ఎక్కువ. రెగో ఏడాదికి పైగా కట్టకుండా వదిలేసిన బండి రిజిస్ట్రేషనే రద్దయిపోతుంది. చవగ్గా వస్తోందని అలాంటిది కొంటే మళ్లీ రిజిస్టర్ చేయించడానికే సెలవులు అయిపోతాయి.

1974లో మొదలైన ఏసీసీ పథకం విదేశీ సందర్శకులకూ వర్తిస్తుంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడకుండా చికిత్స ఖర్చు భరిస్తుంది. స్వదేశానికి చేర్చే ఖర్చు మాత్రం ఇవ్వదు. బండి బీమా అక్కడ తప్పనిసరి కాదు, థర్డ్ పార్టీ కూడా. తప్పనిసరి కాదని వదిలేయకండి. ఎదుటివారి ఖరీదైన కారుకు గీత పడితే ఆ బిల్లు మీ నెత్తినే పడుతుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మీరు కొనబోయే బండి సీసీకి వర్తిస్తుందో లేదో పాలసీలో చదువుకోవాలి. వెనక కూర్చునేవారి పేరు మీదా అంతే జాగ్రత్తగా తీసుకోవాలి.

దారి పొడవునా

విమానాశ్రయంలోనే మొదటి పరీక్ష. మట్టి అంటిన బూట్లు, టెంటు ఉంటే ఫారంలో చెప్పాలి. ఆవకాయ సీసా అయినా సరే, తిండి పదార్థం ఏదున్నా చెప్పాల్సిందే. దాచితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

ఉత్తర దీవి నుంచి దక్షిణ దీవికి వెలింగ్టన్ దగ్గర ఓడెక్కాలి. కుక్ జలసంధి దాటి పిక్టన్ చేరడానికి మూడున్నర గంటలు పడుతుంది. ఓడ అడుగు అంతస్తులో బండిని బెల్టులతో బిగించి కట్టాలి. అలలు గట్టిగా ఉండే నీళ్లవి కాబట్టి ఇద్దరూ చెరో పక్కన పట్టి సమంగా లాగడం మంచిది.

దక్షిణ దీవిలో పడమటి తీరం అడవులూ వానలే. ఫాక్స్ గ్లేసియర్ నుంచి హాస్ట్ దాకా సుమారు 120 కిలోమీటర్లు ఊళ్లు బాగా తక్కువ. పెట్రోలు కనిపించిన చోటల్లా నింపుకోవాలి. ఒకే వరుస వంతెనల దగ్గర ఎర్ర బాణం చూపే దిశలో వెళ్లేవాళ్లు ఆగి ఎదుటివారికి దారివ్వాలి. మలుపుల ముందు పసుపు పలక మీద రాసిన వేగాన్ని వెనక మనిషి ఉన్నప్పుడు దాటొద్దు. క్వీన్స్‌టౌన్, వానాకా ఊళ్ల మధ్య క్రౌన్ రేంజ్ రోడ్డు 1,076 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. మిల్ఫర్డ్ సౌండ్‌కు వెళ్లే దారిలో హోమర్ సొరంగం 1.2 కిలోమీటర్లు ఉంటుంది. మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లకు పైగా వాన పడుతుంది. నమ్మకమైన వాన కోటు లేకుండా అటు వెళ్లొద్దు. అక్కడ ఆగితే కియా అనే కొండ చిలకలు వచ్చి రబ్బరు భాగాలను ముక్కుతో పీకుతాయి. బండిని వదిలి దూరం వెళ్లకండి.

దక్షిణాన చివరి పెద్ద ఊరు ఇన్‌వర్‌కార్గిల్. పాత బండి మీద ప్రేమ ఉన్నవారు తప్పక చూడాల్సిన ఊరిది. ఈ ఊరివాడైన బర్ట్ మన్రో 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు తన షెడ్డులో సొంత చేతులతో మెరుగుపరుస్తూ వచ్చాడు. పిస్టన్లు కూడా తానే పోతపోసుకున్నాడు. 1967లో 68 ఏళ్ల వయసులో దాని మీద అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆయన వారసత్వాన్ని ఆ ఊళ్లోని ఈ. హేస్ హార్డ్‌వేర్ షాపులో నేటికీ చూడొచ్చు. ఆ షాపులో కాసేపు గడిపితే, పాతదని పారేయకుండా చూసుకుంటే యంత్రం ఎంతకాలం తోడుంటుందో అర్థమవుతుంది.

అమ్మేటప్పుడు

ఇష్టపడ్డ బండిని ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. కుదరని పని. మూడేళ్లు దాటిన పాత బండిని మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. అంతకన్నా కొత్తదైనా సుంకం చాలా ఎక్కువ. అక్కడే అమ్మేయాలి. బైకర్లు రోడ్డెక్కేది వేసవిలో. అంటే మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. వేసవి మొదలవకముందే కొని, అది ముగియకముందే అమ్మితే ధర నిలుస్తుంది. అమ్మకానికి చివర్లో కొన్ని రోజులు విడిగా ఉంచుకోండి. విమానం రేపనగా అమ్మేవారికి వచ్చేది ఎదుటివారు చెప్పిన ధరే. మార్చిన టైర్లు, ఆయిల్, ఛెయిన్ రసీదులు దాచి ఉంచితే బేరంలో పనికొస్తాయి. అమ్మగానే ఆ సంగతి రవాణా సంస్థకు వెంటనే తెలపాలి. లేకపోతే కొత్త యజమాని పేర పడాల్సిన జరిమానాలు మీ పేరు మీద పడతాయి.

ముందు మన ఘాట్ రోడ్డు

ఇంత దూరం వెళ్లేముందు ఇక్కడే ఒక పరీక్ష పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం గానీ, విశాఖ నుంచి అరకు గానీ, సామాను నింపిన సంచులతో, పూర్తి గేరుతో ఇద్దరూ వెళ్లి రావాలి. సాయంత్రం బండి దిగాక వెనక కూర్చున్నవారిని అడగండి: 'రేపూ ఇంత దూరం కూర్చోగలవా? ఎల్లుండి కూడా?' మొహమాటపడి ఔనన్నా ఒప్పుకోవద్దు, గుచ్చి అడగండి. కాదంటే సీటు మార్చండి, దూరం తగ్గించండి, కావాలంటే ప్రయాణమే మార్చుకోండి. మనస్ఫూర్తిగా సరేనన్నాకే విమానం టికెట్లు కొనండి.