ఒడ్డుకు చేరిన తెప్పకు సంరక్షణ

కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి తీరగ్రామములలో వేట ముగిసిన వెంటనే తెప్పను ఒడ్డుకు లాగి, కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఆరబెట్టుట పెద్దల ఆచారము. నీరు పీల్చిన దుంగ బరువెక్కును; తడి నిలిచినచోట కఱ్ఱ పుచ్చును. తెరచాపను, మోకులను ఇంటిలో ఎత్తున వ్రేలాడదీయుదురు. ఇంతకు మించిన జాగ్రత్త కఱ్ఱ తెప్పకు లేదని మా అభిప్రాయము.

నేడు ఫైబరు తెప్పలు విరివిగా వచ్చినవి. వీనికి పుచ్చు లేదు గాని, బీట వారినచో నీరు లోపలి పొరలకు చేరును. బీటను గీకి, ఉప్పు పోవునట్లు మంచినీట కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే గాజునార పరచి రెజిన్ పూయవలెను. తడిపై వేసిన అతుకు నిలువదు. నడిసముద్రమున అది ఊడినచో ప్రాణాపాయము. హార్డెనర్ మోతాదు మించినచో మిశ్రమము వేడెక్కి పొగలు గ్రక్కును. రెజిన్ ఆవిరికి నిప్పు సులభముగా అంటుకొనును. కావున పెరటిలో, తాటాకు పాక క్రింద, పొయ్యి చెంత ఈ పని తగదు.

యంత్రపు పడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిషేధము. ఆ 61 దినములే మరమ్మతులకు అదను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఒడ్డుననున్న పడవలు, వలలు అనేకము పాడైనవి. అలలు అందని మెరకను పడవలకై పంచాయతీ ముందుగనే గుర్తించి తీర్మానము చేయవలెను. అచ్చట పక్కా షెడ్డు తలపెట్టినచో తీరప్రాంత నియంత్రణ నిబంధనల ననుసరించి అనుమతి పొందవలెను. రేవు నుండి ఆ మెరకకు పోవు దారిలో కంచెలు లేకుండ చూచుట సభ్యుల పని.