సైకాలజీ పుట్టిల్లు ఎక్కడ?

"సైకాలజీ లోకజ్ఞానం, విశ్వాసికి దానితో పనేమిటి?" అనే మాట మన సంఘాల్లో ఇప్పటికీ వినబడుతోంది. ఆ మాటకు భయపడి మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లనివారు కొందరు. వెళ్లినా, పాస్టరుగారికి తెలియకుండా మందులు దాచుకునేవారు ఇంకొందరు. ఇంతగా భయపెడుతున్న ఈ శాస్త్రం ఎక్కడ పుట్టిందో చూద్దాం.

సైకాలజీ అనే పేరు గ్రీకులోని 'ప్సుఖే' నుండి వచ్చింది. అది క్రొత్త నిబంధనలో మనకు పరిచయమైన మాటే. మన తెలుగు బైబిలు దానిని మత్తయి 16:26లో ప్రాణమనీ, మత్తయి 10:28లో ఆత్మ అనీ, 1 థెస్సలొనీకయులకు 5:23లో జీవమనీ తర్జుమా చేసింది. ఒక్క మాటకు మూడు మాటలు! తత్వవేత్తలకూ అది అంత తేలిగ్గా లొంగలేదు. ప్లేటో ప్రాణాన్ని శరీరంలో చిక్కుకున్న బందీగా చూశాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ మాత్రం, కంటికి చూపు ఎలాంటిదో శరీరానికి ప్రాణం అలాంటిదనీ, రెంటినీ విడదీయలేమనీ వాదించాడు.

మనసు లోపలికి తొంగిచూసినవారిలో అగస్టీన్‌కు సాటి వచ్చేవారు తక్కువ. క్రీ.శ. 400 ప్రాంతంలో రాసిన 'కన్ఫెషన్స్' పదవ భాగంలో ఆయన జ్ఞాపకశక్తిని పరీక్షించాడు. ఒకప్పటి దుఃఖాన్ని ఇప్పుడు దుఃఖపడకుండానే ఎలా గుర్తు చేసుకోగలుగుతున్నాను? మరచిపోయానన్న సంగతి నాకెలా గుర్తుంది? ప్రార్థనలో దేవుణ్ణి వెదకుతూ అడిగిన ప్రశ్నలివి. నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా జ్ఞాపకం గురించి పరిశోధిస్తూనే ఉన్నారు.

లూథరు సహచరుడు మెలాంక్తోన్ 1540లో ఆత్మను గూర్చి ఒక వ్యాఖ్యానం ప్రచురించి, అందులో దేహ అవయవాల వివరణకు చాలా చోటిచ్చాడు. ఆత్మ గురించిన పుస్తకంలో గుండె, కాలేయం ఎందుకని ఆయన అనుకోలేదు. 1590లో జర్మనీలోని మార్బుర్గ్‌లో గోక్లేనియస్ 'సైకాలజియా' అనే పేరుతోనే గ్రంథం అచ్చువేయించాడు. తరువాత డేకార్ట్ మనసును, శరీరాన్ని రెండు వేర్వేరు పదార్థాలుగా విడదీశాడు. ఆ చీలిక ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

ప్రయోగశాల సంగతి 19వ శతాబ్దానిది. 1860లో ఫెక్నర్ ఇంద్రియానుభవాన్ని కొలవడానికి పద్ధతులు ప్రకటించాడు. 1879లో వుంట్ లైప్‌జిగ్‌లో ప్రయోగశాల స్థాపించాడు. శబ్దం వినిపించగానే మీట నొక్కడానికి మనిషికి ఎంత సమయం పడుతుందో అక్కడ సెకనులో వెయ్యోవంతుల్లో లెక్కించారు. ఫెక్నర్, వుంట్ ఇద్దరూ లూథరన్ పాస్టర్ల కుమారులే. అయితే ఆత్మ ఏ కొలతకూ అందదు. అందుకే అది పరిశోధన బల్ల మీద నుండి పక్కకు జరిగింది. లాంగే అనే తత్వవేత్త దీనికి 'ఆత్మ లేని సైకాలజీ' అని పేరు పెట్టాడు.

నా దృష్టిలో ఇక్కడొక తేడా గమనించాలి. కొలవలేనిదాన్ని పక్కన పెట్టడం ఒకటి, అది లేనే లేదనడం మరొకటి. ఈ రెండవ పని చేసినవారూ ఉన్నారు గనుక మన పెద్దల అనుమానం పూర్తిగా ఆధారం లేనిది కాదు. ఫ్రాయిడ్ 1927లో మతాన్ని భ్రమగా వర్ణిస్తూ ఒక పుస్తకమే రాశాడు. దానితో మనం ధైర్యంగా విభేదించవచ్చు. కాని నిద్రపట్టక, ఆకలి లేక కృంగిపోయిన ఒక సహోదరికి డాక్టరుగారు రాసిచ్చే మందుచీటీలో ఆ పుస్తకం ప్రసక్తే ఉండదు.