కాడి ఎంత గట్టిగా ఉండాలి?

బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో ఉగాదికో, శివరాత్రికో, తిరునాళ్ళకో బండలాగుడు పందెం పెట్టడం ఆనవాయితీ. ఒంగోలు జాతి ఎద్దుల జత, వెనుక క్వింటాళ్ళ బరువున్న రాతిబండ. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగినాయన్నదే లెక్క. పందెం ముగిసిన తర్వాత జనమంతా గెలిచిన ఎద్దులను గురించే మాట్లాడుకుంటారు. ఏ ఊరివి, ఏమి మేపినారు, ఎంత ధర పలుకుతాయి అని. కాడిని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడినా ఒకటే మాట: "కాడి గట్టిగా బిగించినాడప్పా, అందుకే లాగినాయి!" ఆ మాట విని, మరుసటి పదునుకు తమ సేద్యపు ఎద్దులకు కూడా అట్లే బిగించేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో నిజమెంతో మనం తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రంతోనే తూచి చూద్దామన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది ఊరికే తీరిక కబురు కాదు. మనది ఏడాదికి సుమారు 600, 700 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఆ వాన కూడా లెక్క ప్రకారం రాదు. ఒక మంచి వాన పడితే భూమి పదును మీద ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే గుంటక తోలాలి, గొర్రు కట్టాలి, విత్తనం పడాలి. సరిగ్గా అప్పుడే ఎద్దు మెడకు కాడిపుండు పడితే, అది మానేలోపల పదును ఆరిపోతుంది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల సేద్యం బాగా తగ్గిన మాట నిజమే. అయినా సాళ్ళ నడుమ గుంటక తోలేచోట, చిన్న కమతాల్లో, ఎద్దులనే నమ్ముకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంటికి ఎద్దు మెడ మీది చెయ్యెడు చర్మం ఒక ఏడాది పంటతో సమానం.

మంచుకొండల్లోనూ ఇదే ప్రశ్న

గట్టి కట్టా, మెత్తటి కట్టా అనే వాదన మన ఒక్కరిదే కాదు. మంచు కురిసే దేశాల్లో స్నోబోర్డు అనే ఆట ఉంది. అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు 1965లో తన పిల్లల కోసం రెండు స్కీ పలకలను జతచేసి తయారుచేసిన ఆటవస్తువు నుంచి అది పెరిగింది. 1998లో జపానులోని నాగానోలో జరిగిన ఒలింపిక్ క్రీడల్లో మొదటిసారి చోటు సంపాదించింది. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఆడుతున్నారు. మంచు ముఖం చూడని మనకు ఆ ఆటతో ఏమి పని అని అడగవచ్చు. పని ఉంది.

ఆటగాడు ఒకే పలక మీద పక్కవాటుగా నిలబడి వాలు మీద జారుతాడు. అతని బూట్లను పలకకు పట్టి ఉంచే సాధనాన్ని బైండింగు అంటారు. అడుగున ఒక పీఠం, మడమ వెనుక నుంచి పిక్క దాకా లేచే ఒక ఆనుడుపలక, పాదం మీదుగా రెండు పట్టీలు. ఇంతే దాని నిర్మాణం. నిటారు వాలుల్లో, ఎవరూ తొక్కని మంచులో, మహావేగంతో దిగేవాళ్ళు గట్టి బైండింగునే కోరుకుంటారు. అది వంగదు కాబట్టి కాలు కొంచెం వాల్చితే చాలు, పలక అంచు వెంటనే మంచును కోస్తుంది. కానీ కింద తగిలిన గతుకు కూడా అంత వెంటనే మోకాలికి వస్తుంది. కాలు కొంచెం తడబడినా పలక తిరిగిపోతుంది. అందుకే సరదాగా తిరిగేవాళ్ళూ, కొత్తగా నేర్చుకునేవాళ్ళూ కాస్త వంగే బైండింగు తీసుకుంటారు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? కట్టు అనేది రెండు వైపులా నడిచే దారి. ఒంటి బలం పనిముట్టుకు పోయే దారిలోనే పనిముట్టు దెబ్బ ఒంటికి తిరిగి వస్తుంది. కాబట్టి ఏ కట్టునైనా నాలుగు ప్రశ్నలు అడగాలి. బలం వృథా కాకుండా చేరుతుందా? ఎదురుదెబ్బను ఎవరు తట్టుకుంటారు? ఒంటిని తాకేచోట ఒత్తిడి ఎంత? ఆపద వస్తే తొందరగా ఊడుతుందా? ఇప్పుడు మన కాడిని ఈ నాలుగూ అడుగుదాం.

బలం చేరే దారి

పందెంలో బండకూ కాడికీ నడుమ మోకు గానీ గొలుసు గానీ ఉంటుంది. అది నేలకు సమాంతరంగా ఉండదు. బండ వైపు కిందికి, మెడ వైపు పైకి వాలి ఉంటుంది. ఈ వాలు వల్ల ఒక లాభం ఉంది. బలంలో కొంత భాగం బండ ముందుకొసను పైకి ఎత్తుతుంది. నేల మీద బండ మోపే భారం తగ్గుతుంది, దానితో ఘర్షణ తగ్గుతుంది. దగ్గరగా బిగిస్తే బాగా లాగుతాయి అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. అందులో కొంత నిజముంది.

అయితే లెక్క వేసి చూడండి. 1000 కిలోల బండ, ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. మోకు నేలకు సమాంతరంగా ఉంటే 500 కిలోల లాగుడు కావాలి. మోకు 15 డిగ్రీల వాలులో ఉంటే 457 కిలోలు చాలు. సుమారు 27 డిగ్రీలకు అది 447 కిలోలకు దిగుతుంది. ఈ లెక్కలో అంతకంటే తక్కువకు రాదు. ఇక మెడల సంగతి. మోకు వాలు బండను ఎంత పైకి ఎత్తుతుందో, కాడిని అంతే కిందికి అదుముతుంది. 15 డిగ్రీల దగ్గర ఆ అదుముడు సుమారు 120 కిలోలు, అంటే మెడకు 60. అదే 27 డిగ్రీల దగ్గర 200 కిలోలు, మెడకు 100. మోకు దగ్గర చేసి లాగుడులో మిగిల్చుకున్నది 10 కిలోలు, మెడల మీద అదనంగా మోపింది 80 కిలోలు!

మెడ ఎత్తు 4 అడుగులనుకుంటే మొదటి వాలుకు పదిహేనున్నర అడుగుల మోకు కావాలి, రెండోదానికి తొమ్మిది అడుగులు. పందెంలో ఆ 10 కిలోలే గెలుపోటములు తేల్చవచ్చు. సేద్యంలో వాటికి విలువ లేదు. ఎద్దు గంటల తరబడి నిలకడగా లాగగలిగేది దాని బరువులో సుమారు పదో వంతు. 450 కిలోల ఎద్దుల జత అయితే 90 కిలోలు. పైన చెప్పిన బండను లాగడానికి అవి తమ నిలకడ బలానికి అయిదు రెట్లు చూపాలి. కొద్ది నిమిషాల పనికి అది చెల్లుతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చెల్లదు.

ఇంకొకటి, జతలో ఒకటి బలమైనది, ఒకటి నీరసమైనది ఉంటుంది. కాడిమాను ఒక తులాదండం. మెడల నడుమ దూరం 60 అంగుళాలనుకోండి. మోకు కట్టిన చోటును నడిమి నుంచి 3 అంగుళాలు బలమైన ఎద్దు వైపు జరిపితే దూరాలు 27, 33 అవుతాయి. 100 కిలోల లాగుడులో బలమైనదానికి 55, నీరసమైనదానికి 45 వస్తుంది. మా జేజినాయనకు తులాదండ సూత్రం తెలియదు. కానీ కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసేటప్పుడు, "ఒరే నాయనా, తాడు పాతదాని పక్కకు రెండేళ్ళు జరుపు" అనేవాడు. ఈ పద్ధతి పనిచేయాలంటే కాడిమాను వంగకూడదు. ఇక్కడ మాత్రం గట్టిదనం తప్పనిసరి.

ఎదురుదెబ్బ

గుంటక పోతూ పోతూ రాయికి తగులుతుంది. లేదా కదలని బండను ఎద్దులు ఒక్కసారి గుంజుతాయి. అప్పుడు మెడ మీద పడే బలం ఎంత? ద్రవ్యవేగాన్ని ఆగడానికి పట్టిన కాలంతో భాగిస్తే తెలుస్తుంది. జత బరువు 900 కిలోలు, వేగం సెకనుకు 0.7 మీటర్లు. ఇనుప గొలుసుతో, సందు లేని బిగింపుతో సెకనులో ఇరవయ్యో వంతులో ఆగితే 12,600 న్యూటన్లు, అంటే దాదాపు 1280 కిలోల బరువుతో సమానం. కొంచెం సాగే మోకు ఆ కాలాన్ని సెకనులో అయిదో వంతు చేస్తే దెబ్బ 320 కిలోలకు తగ్గుతుంది. నాలుగు రెట్లు సమయం, నాలుగో వంతు దెబ్బ. జీవమున్న శరీరం ఇనుపముద్ద కాదు కాబట్టి నిజంగా పడే దెబ్బ ఇంతకంటే తక్కువే ఉంటుంది. కానీ రెండింటి నడుమ తేడా మాత్రం ఇదే దారిలో ఉంటుంది.

అట్లాగని వదులుగా కడితే మంచిదా? కాదు. వదులు మోకు మొదట ఊరికే వస్తుంది, తర్వాత ఒక్కసారి బిగుస్తుంది. ఆ గుంజుడు ఇంకా చెడ్డది. వదులు కాడి మెడ మీద ముందుకూ వెనక్కూ ఒరుసుకుంటుంది. సాగడం వేరు, వదులుగా ఉండడం వేరు.

గట్టిదనం చివరిదాకా పోతే ఎట్లా ఉంటుందో చూడాలంటే స్పెయిన్, పోర్చుగల్ వంటి దేశాల కొమ్ముకాడిని చూడాలి. అక్కడి ఎద్దులకు మూపురం లేదు. అందుకని కాడిని కొమ్ములకే తోలుపట్టీలతో బిగించి కట్టేవారు. బండి దిగుడులో పోయేటప్పుడు వెనక్కు ఆపడానికి అది చాలా మంచిది. కానీ ఎద్దు తల తిప్పలేదు, ఈగను కూడా తోలుకోలేదు. చక్రం గుంతలో పడితే ఆ కుదుపు నేరుగా తలకు పోతుంది. మన ఒంగోలు ఎద్దు కొమ్ములు పొట్టివి, మూపురం పెద్దది. మూపురం ముందర కాడి ఆనుకునే మన పద్ధతి ఈ జాతికి తగినదే. దాన్ని కొమ్ముకాడి మాదిరి బిగించడం మాత్రం తగదు.

మెడ మీది ఒత్తిడి

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. గుండ్రటి కాడిమాను మెడను ఒక సన్నటి గీత వెంబడి తాకుతుంది. మెడకు 60 కిలోల భారం 50 చదరపు సెంటీమీటర్ల మీద పడితే చదరపు సెంటీమీటరుకు 1.2 కిలోలు. అదే కాడి అడుగుభాగాన్ని మెడ వంపుకు సరిపోయేట్టు వెడల్పుగా చెక్కి, 200 చదరపు సెంటీమీటర్లు తాకేట్టు చేస్తే 0.3 కిలోలు. ఎద్దూ అదే, భారమూ అదే. మారింది వడ్రంగి చేతిపని మాత్రమే.

ఒత్తిడి ఎక్కువైనచోట నెత్తురు ఆడదు. పైన చెమట, దుమ్ము, ఒరుపు. మొదట వెంట్రుకలు పోతాయి, తర్వాత వాపు, తర్వాత పుండు. గోనెపట్ట చుట్టితే కొంత మేలే. కానీ అది ముడతలు పడితే ఆ ముడతే కొత్త గీత అవుతుంది. బండి లాగే పశువులను గురించి 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఎండ 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో పగలు 12 నుంచి 3 గంటల దాకా వాటిచేత పని చేయించకూడదన్నాయి. మన ఎండాకాలం తెలిసినవాళ్ళకు అందులోని న్యాయం వేరే చెప్పనక్కరలేదు.

మెరుగైన కాడి కోసం పెద్దవాళ్ళు ఆలోచించకపోలేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు తొలి డైరెక్టరుగా ఉన్న ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుబండిని, దాని కాడిని బాగుచేయాలని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. భోపాలులో 1976లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ కాడి నమూనాల మీద పనిచేసింది. ఆ ఆలోచనల సారం ఊరి వడ్రంగి బాడిసె దాకా రావడమే కావలసింది.

ఊడే ముడి

స్కీ ఆటలో కాలు మెలిపడితే బైండింగు తనంతట తాను ఊడుతుంది. స్నోబోర్డు బైండింగు అట్లా ఊడదు, చేత్తో తీయాల్సిందే. మన కాడి కూడా రెండో రకమే. ఒక ఎద్దు మోకాళ్ళ మీద పడితే దాని మెడకింది పలుపు గొంతును బిగిస్తుంది. పక్క ఎద్దు బెదిరి లాగితే ఇంకా బిగుస్తుంది. కాబట్టి పలుపుకు పీటముడి వేయకూడదు. కొస పట్టి గుంజితే ఊడే జారుముడి వేయాలి. పలుపుకూ గొంతుకూ నడుమ అరచెయ్యి దూరేంత సందు ఉండాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు.

తేలినదేమిటి?

గట్టిదనం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి. కాడిమాను వంగకూడదు. మోకు వదులుగా ఉండకూడదు గానీ కొంచెం సాగాలి. మెడను తాకేచోటు వెడల్పుగా, నున్నగా ఉండాలి. ముడి ఊడేదిగా ఉండాలి. పందెపు కాడిని చూసి సేద్యపు కాడిని బిగించడం, వంద గజాలు పరుగెత్తేవాని బూట్లతో పది మైళ్ళు నడవబోవడం వంటిది.

మనలో చాలామందిమి సేద్యగాళ్ళ బిడ్డలం. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక కొలతటేపు తీసుకుపోండి. మెడ ఎత్తు, మోకు పొడవు కొలిచి వాలు లెక్కకట్టండి. మూటలు తూచే కొక్కెం తక్కెడను మోకు నడుమ తగిలించి, తక్కెడ శక్తికి లోబడి, గుంటక ఎన్ని కిలోలు లాగుతుందో చూడండి. పని విప్పిన వెంటనే మెడ మీద చెయ్యి పెట్టి, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చెయ్యి వేస్తే ఎద్దు తల విదిలిస్తుందో గుర్తుపెట్టుకోండి. ఆ చోటే వడ్రంగికి చూపించండి. అక్కడ ఒక అరంగుళం చెక్కితే చాలు, వచ్చే పదునుకు ఆ ఎద్దు నొప్పి లేకుండా కాడి కిందికి మెడ పెడుతుంది.