రాక్ గొంతులో డౌలండ్ పాటలు
జాన్ డౌలండ్ (1563-1626) ఆంగ్ల స్వరకర్త, ల్యూట్ విద్వాంసుడు. ల్యూట్ వేళ్లతో మీటే తంత్రీవాద్యం. దాని నాదం మెత్తన. 2006లో రాక్ గాయకుడు స్టింగ్, బోస్నియా ల్యూట్ వాద్యకారుడు ఎడిన్ కరమజోవ్ కలిసి ఆయన పాటలను ‘సాంగ్స్ ఫ్రమ్ ద లాబిరింత్’ పేరుతో రికార్డు చేశారు. ఆ బొంగురు గొంతు ఈ పాటలకు తగునా అని కొందరు విమర్శకులు ఆక్షేపించారు.

ఇక్కడ మీరొక విషయం గమనించాలి. 1597లో అచ్చయిన డౌలండ్ తొలి పాటల పుస్తకంలో గాయకుల స్వరభాగాలను వేర్వేరు దిక్కులకు తిప్పి ముద్రించారు. పుస్తకాన్ని బల్లపై తెరిస్తే చుట్టూ కూర్చున్నవారంతా చూసి పాడవచ్చు. అంటే ఇవి ఇంటి గదిలో పాడుకొనే పాటలు. పెద్ద నాటకశాలను నింపే ఒపెరా గాత్రం తరువాతి కాలానిది. కాబట్టి మైకు దగ్గర మెల్లగా పాడే అలవాటు లోపమేమీ కాదు. విచిత్రమేమంటే, బల్ల చుట్టూ నలుగురు పాడవలసిన భాగాలను కొన్ని పాటల్లో స్టింగ్ ఒక్కరే పాడి, స్టూడియోలో ఒకదానిపై ఒకటి చేర్చారు.